మధురపూడి నుండి గంట ప్రయాణం

రాజమహేంద్రవరం నుండి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు పడుతుందని అమలాపురంలో ఎవరిని అడిగినా "గంట" అనే చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. టికెట్టు మీద కూడా గంటో, గంటకు పది పదిహేను నిమిషాలు ఎక్కువో ఉంటుంది. అయితే ఆ గంటను నమ్ముకుని లెక్క కట్టినందువల్ల మా వద్ద చదువుకున్న ఒక యువకుడు తన తండ్రి జనాజాకు అందుకోలేకపోయాడు. ఆ లెక్క కట్టింది మేమే. కోనసీమలో గల్ఫ్ దేశాలతో సంబంధం లేని ముస్లిం వీధి దాదాపు లేదు గనుక, ఆ పొరపాటు మరొక ఇంట జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా దూరాల సంగతి. అమలాపురానికి నేటికీ రైలు లేదు. కోటిపల్లి - నరసాపురం మార్గం పూర్తి కావాలని రెండు తరాలుగా ఎదురుచూస్తున్నాము. విమానాశ్రయం అంటే మనకు దగ్గరిది మధురపూడి. కొత్తపేట మీదుగా రావులపాలెం, అక్కడ గౌతమి వంతెన దాటి జొన్నాడ, వేమగిరి, ఆపైన రాజమహేంద్రవరం ఊరి అంచున చుట్టి వెళితే మొత్తం సుమారు 80 కిలోమీటర్లు. పక్షి ఎగిరినట్లు తిన్నగా కొలిస్తే అరవైకి కొంచెం పైన మాత్రమే. మిగిలినదంతా గోదావరి పాయలు, కాలువలు మన చేత తిప్పించే దూరం. పండుగ రోజుల్లో, కొబ్బరి లారీలు బారులు తీరిన వేళల్లో ఈ దారి రెండున్నర గంటలు పడుతుంది. గన్నవరం వెళ్ళాలంటే దాదాపు 150 కిలోమీటర్లు. విశాఖపట్నం రెండు వందల పైమాటే.

మధురపూడి విమానాశ్రయం బ్రిటిషు వారి కాలం నాటిది. 1985 నుండి 1994 వరకు వాయుదూత్ సంస్థ రాజమహేంద్రవరం, విజయవాడ, హైదరాబాదుల మధ్య విమానాలు నడిపింది. మధురపూడికీ గన్నవరానికీ ఆకాశ మార్గాన ఉన్న దూరం సుమారు 125 కిలోమీటర్లే. అరగంట ఎగిరితే చాలు. ఆ రోజుల్లో మా పెద్దలు ఆ విమానాన్ని చూడడానికి వెళ్ళారే గాని ఎక్కడానికి కాదు. మా తాతగారి తరానికి ప్రయాణమంటే పంటు మీద ఏరు దాటడం. సఖినేటిపల్లి రేవులో పంటు తప్పిపోతే ఆ రాత్రికి అవతలి ఒడ్డున నరసాపురంలో ఎవరి ఇంటనైనా తలదాచుకోవలసిందే. ఆనాటి ప్రయాణికుడు తాను ఎప్పుడు ఇల్లు చేరతాడో చెప్పేవాడు కాదు, "ఇన్‌షా అల్లాహ్" అని ఊరుకునేవాడు. గడియారం చూసి చెప్పే అలవాటు మనకు విమానాలతో వచ్చింది.

ఇక హైదరాబాదు. మధురపూడి నుండి శంషాబాదుకు తిన్నగా సుమారు 360 కిలోమీటర్లు. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగే రెక్కల పంకా విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు. ఆ ప్రకారం లెక్కిస్తే ముప్పావు గంటకే చేరాలి. మరి టికెట్టు మీద గంటకు పైగా ఎందుకు ఉంటుంది? విమాన సంస్థలు వేసే కాలం గాలిలో ఎగిరే కాలం మాత్రమే కాదు. నిలిచిన చోటు నుండి కదిలినది మొదలు, అవతల నిలిచే చోట ఆగేవరకు ఉన్నదంతా అందులో చేరుతుంది. పరుగుదారి వరకు పోవడం, తన వంతు కొరకు ఆగడం, పైకి ఎక్కడం, రద్దీగా ఉన్న పెద్ద విమానాశ్రయం మీద ఒకటి రెండు చుట్లు తిరగడం, దిగడం, ఇవన్నీ ఆ గంటలోనివే. దూరం ఎంత తక్కువైతే ఈ అదనపు నిమిషాల భారం అంత ఎక్కువగా కనిపిస్తుంది. ఈ గంటకు ముందు ఇంటి నుండి మధురపూడికి రెండున్నర గంటలు, అక్కడ రెండు గంటల ముందస్తు హాజరు, తరువాత సామాను కొరకు నిరీక్షణ, శంషాబాదు నుండి నగరంలోకి మరొక గంట చేర్చండి. గడప నుండి గడపకు ఏడు గంటలు అవుతుంది. అమలాపురంలో రాత్రి బస్సు ఎక్కినవాడు ఇంతకంటే రెండు మూడు గంటలు మాత్రమే ఆలస్యంగా, నిద్రపోయి మరీ చేరతాడు. విమానం వద్దని మా ఉద్దేశం కాదు. తన ఇంటి నుండి మొత్తం ఎంతసేపో తెలిసి ఎక్కేవాడు వేరు, గంటే కదా అని ఎక్కేవాడు వేరు.

ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం, మే నెల. మా పూర్వ విద్యార్థి తండ్రి జుహర్ వేళ కన్నుమూశారు. కొడుకు కువైట్‌లో ఒక గిడ్డంగిలో పని చేసేవాడు. ఫోను మోగిన గంటలోపే అతడు యజమానిని బతిమాలి సెలవు తీసుకున్నాడు, తోటివారు చందాలు వేసి టికెట్టు కొనిపెట్టారు. "హజ్రత్, రాత్రి పదకొండుకు విమానం. ఉదయం ఆరుకు హైదరాబాదు. అక్కడి నుండి ఏడున్నరకు రాజమండ్రి విమానం ఉంది. అబ్బా ముఖం చూపించకుండా తీసుకెళ్ళకండి" అన్నాడు. మసీదు ఆవరణలో పెద్దలు కూర్చున్నారు. పాత క్యాలెండరు కాగితం వెనుక పెన్సిలుతో మేమే లెక్క వేశాము. ఆరుకు హైదరాబాదు, ఏడున్నరకు బయలుదేరితే ఎనిమిదిన్నరకు మధురపూడి, పదిన్నరకు అమలాపురం. పదకొండు గంటలకు జనాజా నమాజు అని ప్రకటించాము. రాజోలు నుండి, మలికిపురం నుండి బంధువులు ఆ వేళకు బయలుదేరారు.

కువైట్ విమానం వేళకే దిగింది. అయితే అంతర్జాతీయ విమానం దిగిన మనిషి తలుపు తీసుకుని బయటికి రాడు. పాస్‌పోర్టు తనిఖీ వరుస ఉంటుంది. సామాను వచ్చేదాకా ఆగాలి. కస్టమ్స్ దాటాలి. ఆ తరువాత బయలుదేరే అంతస్తుకు వెళ్ళి, దేశీయ ప్రయాణానికి కొత్తగా సామాను అప్పగించాలి. ఆ కౌంటరు సాధారణంగా విమానం కదలడానికి గంట ముందే మూసివేస్తారు. అంటే ఏడున్నర విమానానికి ఆరున్నరకే తలుపు మూసుకుంటుంది. మా లెక్కలో ఉన్న గంటన్నర వాస్తవానికి అరగంట. అతడు కౌంటరు వద్దకు చేరేసరికి ఏడు దాటింది. పైగా రెండు టికెట్లు వేరువేరుగా కొన్నవి. ఒకే టికెట్టు మీద రెండు ప్రయాణాలూ ఉండి ఉంటే మొదటి విమానం వల్ల రెండవది తప్పినప్పుడు మరొక దానిలో పంపే బాధ్యత సంస్థ మీద ఉంటుంది. వేరువేరు టికెట్లకు అటువంటి పూచీ లేదు. తరువాతి విమానం మధ్యాహ్నం రెండున్నరకు. కారులో బయలుదేరినా ఎనిమిది తొమ్మిది గంటలు.

ఫోనులో అతడి ఏడుపు వినిపించినప్పుడు ఇక్కడ ఎనిమిది గంటలు. మే ఎండ అప్పటికే గోడల మీదికి వచ్చింది. మరణించి ఇరవై గంటలు అవుతోంది. మృతుని ఖననాన్ని ఆలస్యం చేయవద్దన్నది ప్రవక్త (సఅసం) వారి ఆదేశమని మేము దశాబ్దాలుగా పాఠం చెబుతున్నవారమే. మంచు పెట్టెలో సాయంత్రం దాకా ఉంచుదామని కొందరు, వద్దని కొందరు. చివరికి ఆ తల్లి లోపలి గది నుండి కబురు పంపింది: "ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. బిడ్డకు నేను చెప్పుకుంటాను." జుహర్ తరువాత జనాజా నమాజు జరిగింది. అతడు మగ్రిబ్ అజాన్ వేళకు ఇంటి ముందు కారు దిగాడు. సంచి కూడా లోపల పెట్టకుండా నేరుగా ఖబ్రస్తానుకు నడిచాడు. మేము టార్చి పట్టుకుని వెంట వెళ్ళాము. తడి మట్టి వద్ద నిలబడి చాలాసేపు దుఆ చేశాడు. మా మీద ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని మాకు అనిపించింది.

ఆ రాత్రి నుండి మేము టికెట్లు చదవడం నేర్చుకున్నాము. మదర్సాలో చదువు చెప్పే మనిషికి ఇది ఎందుకని కొందరు నవ్వారు. నమాజు వేళలు లెక్కించడం మా చదువులో భాగమే గదా, విమానం వేళలూ అదే సూర్యుని లెక్క.

టికెట్టు మీద వేసే వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. హైదరాబాదు నుండి కువైట్ సుమారు 3,400 కిలోమీటర్లు, ఎగిరేది నాలుగున్నర గంటల దరిదాపు. ఉదయం పదింటికి ఇక్కడ ఎక్కినవాడు అక్కడి గడియారం ప్రకారం పన్నెండుకే దిగుతాడు. అది చూసి "రెండు గంటలే" అనుకునేవారున్నారు. తిరుగు ప్రయాణంలో రాత్రి పదకొండుకు ఎక్కితే ఇక్కడ ఆరు, అది ఏడు గంటలుగా కనిపిస్తుంది. రెండింటిలోనూ కూర్చున్నది ఒకే నాలుగున్నర గంటలు. గాలి వాలును బట్టి కొద్ది తేడా. కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే మన ఆడపడుచుల తల్లులు "బయలుదేరింది, ఇంకా చేరినట్లు ఫోను రాలేదు" అని మా వద్దకు వచ్చి కంగారు పడతారు. వారికి చెప్పేది ఇదే, అమ్మా, అక్కడి వేళకు రెండున్నర కలుపుకుని చూడండి.

భూమి ఇరవై నాలుగు గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన అమలాపురం సుమారు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖ 82న్నర డిగ్రీలు, అది మనకు అతి చేరువ. హైదరాబాదు 78న్నర దగ్గర ఉంది. మూడున్నర డిగ్రీల తేడాకు పధ్నాలుగు నిమిషాలు. హైదరాబాదులో అచ్చయిన నమాజు వేళల పట్టిక గోడకు తగిలించుకుని ఇక్కడ ఇఫ్తార్ చేసేవారు ప్రతి రోజూ పావుగంట ఆలస్యంగా ఉపవాసం విరమిస్తున్నారన్నమాట. అది కేవలం కష్టం. సహరీ విషయంలో మాత్రం అది ఉపవాసానికే ముప్పు, ఎందుకంటే అక్కడి కంటే ఇక్కడ ముందుగా తెల్లవారుతుంది.

రమజానులో సాయంత్రపు విమానం ఎక్కి హైదరాబాదు నుండి వచ్చేవారికి ఇది మరింత ఆసక్తికరం. ఎక్కేటప్పుడు చేతిలో ఉన్నది హైదరాబాదు పట్టిక. విమానం తూర్పుకు, అంటే సూర్యాస్తమయానికి ఎదురుగా పోతుంది. మధురపూడిలో దిగేసరికి అక్కడ అజాన్ అయిపోయి ఉండవచ్చు. మరి గాలిలో ఉన్నప్పుడు? ఏ ఊరి గడియారమూ కాదు, ప్రయాణికుని కంటికి సూర్యుడు అస్తమించాలి. పైన ఎత్తులో నేల మీది కంటే కొన్ని నిమిషాలు ఎక్కువసేపు సూర్యుడు కనిపిస్తాడు. కింద ఊరిలో ఇఫ్తార్ అయినా కిటికీలో సూర్యుడు కనిపిస్తున్నంత వరకు ఖర్జూరం చేతిలోనే ఉంచుకోవాలి. కువైట్ వైపు పోయేవారికి దీనికి వ్యతిరేకంగా, పగలు సుమారు రెండు గంటలు సాగుతుంది. ప్రయాణికునికి ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చిందని కూడా వారికి గుర్తు చేస్తుంటాము. ఆ సౌలభ్యాన్ని చిన్నతనంగా భావించే యువకులు మాకు ఎక్కువగా తారసపడతారు.

ఖస్ర్ నమాజు ప్రశ్న తరచుగా వస్తుంది. "హజ్రత్, గంటలో హైదరాబాదు చేరాము, అలసట కూడా లేదు, నాలుగు రకాతులు చదవాలా రెండా?" నిసా అధ్యాయం 101వ వాక్యంలో ఇచ్చిన ఈ సడలింపుకు హనఫీ ధర్మవేత్తలు మూడు రోజుల మధ్యస్థపు నడకను కొలతగా పెట్టారు. ఒంటెలు, కాలినడక కాలంలో దూరాన్ని కాలంతోనే కొలిచేవారు. తరువాత ఈ దేశపు పండితులు దానిని 48 మైళ్ళుగా, అంటే 77 కిలోమీటర్లకు కొంచెం పైగా నిర్ణయించారు. 92 కిలోమీటర్లు అనే పండితులూ ఉన్నారు. మూడు రోజుల దారిని వేగమైన గుర్రం మీద ఒక్క రోజులో ముగించినవాడి సంగతి పూర్వపు ఫికహ్ గ్రంథకర్తలే చర్చించి, అతడూ ప్రయాణికుడేనని తేల్చారు. విమానానికి జవాబు అందులోనే ఉంది. దూరాన్ని చూడాలి, వేగాన్ని కాదు. హైదరాబాదులో పదిహేను రోజులకు తక్కువ ఉండదలచినవాడు జుహర్, అస్ర్, ఇషాలు రెండేసి రకాతులు చదువుతాడు. స్థానిక ఇమాము వెనుక నిలిచితే పూర్తిగా నాలుగు.

మనకు చిక్కు అంతా మధురపూడితోనే. దూరదేశం పోయేవాడు అమలాపురం ఊరి పొలిమేర దాటగానే ప్రయాణికుడు, అతని గమ్యం కువైట్ గనుక. అతడిని దిగబెట్టడానికి వెళ్ళిన అన్న గమ్యం మధురపూడి. అది 77 కిలోమీటర్ల గీతకు ఇటూ అటూగా ఉంది. తిన్నగా కొలిచిన దూరం లెక్కలోకి రాదు, తాను పోయే రోడ్డు దూరమే లెక్క, అదీ ఊరి అంచు నుండి. ఒకే కారులో పోయి, ఒకే చోట నిలబడి, తమ్ముడు రెండు రకాతులు, అన్న నాలుగు చదవవలసి రావచ్చు. రావులపాలెం, కొత్తపేట వారికి ఈ చిక్కు లేదు, వారు నిస్సందేహంగా నాలుగే. అమలాపురం వారు తమ దారిని కారు మీటరుతో కొలిచి, తమ మసీదు ఇమాముగారిని అడిగి నిర్ణయించుకోవడం మంచిది. మా విద్యార్థి ఆ రోజు అస్ర్ రావులపాలెంలో రెండు రకాతులు చదివాడు. ఇషా తన వీధి మసీదులో నాలుగు. సొంత ఊరిలో అడుగు పెట్టినవాడు రెండు రోజులకే వచ్చినా ప్రయాణికుడు కాడు.

హజ్ యాత్రికులకు ఈ కాలదూరాల లెక్క ఇంకా నిశితమైనది. మన ఆంధ్రప్రదేశ్ వారి కొరకు 2023 జూన్ 7న గన్నవరం నుండే హజ్ విమానాలు మొదలైనప్పుడు కోనసీమ వృద్ధులకు ఎంతో ఊరట కలిగింది. హైదరాబాదు దాకా రాత్రంతా కూర్చుని పోవలసిన శ్రమ తప్పింది. 1995 వరకు బొంబాయి నుండి ఓడల్లో వెళ్ళినవారికి మీఖాత్ వచ్చే ముందు రోజుల తరబడి తీరిక ఉండేది. విమానం నిమిషానికి పధ్నాలుగు కిలోమీటర్లు పోతుంది. మీఖాత్ రాబోతోందని ప్రకటించిన తరువాత స్నానాల గది ముందు వరుసలో నిలబడితే, వంతు వచ్చేసరికి హద్దు వెనుకబడుతుంది. నేరుగా జెద్దా పోయేవారు ఇహ్రాం వస్త్రాలు విమానం ఎక్కక ముందే ధరించి, మీఖాత్ రాకముందే నియ్యత్, తల్బియా పలకాలి. ముందుగా మదీనా పోయేవారికి ఈ తొందర లేదు, వారి మీఖాత్ మదీనా వెలుపల జుల్‌హులైఫా.

ఇప్పుడు మా మదర్సా గోడ మీద నమాజు వేళల పక్కన మరొక కాగితం ఉంది. గల్ఫ్ నుండి హైదరాబాదు మీదుగా వచ్చేవారు రెండు విమానాల మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోవాలని, వీలైతే రెండూ ఒకే టికెట్టుగా కొనాలని, మధురపూడి నుండి ఇంటికి మూడు గంటలు వేసుకోవాలని రాసి ఉంది. ఇంట మరణం సంభవించినప్పుడు దూరాన ఉన్న కొడుకు వస్తాడో రాడో ముందుగా ఈ కాగితంతో చూసి, అందుకోలేడని తేలితే ఆ మాట వెంటనే అతడికే ఫోనులో చెప్పి, అతడి అనుమతితోనే ఖననానికి వేళ పెడుతున్నాము. ఇప్పటికి రెండుసార్లు అలా జరిగింది. ఒకరు అందుకున్నారు. మరొకరు కువైట్ నుండే "కానివ్వండి హజ్రత్" అన్నారు.

ఆ యువకుడు గత ఏడాది మళ్ళీ సెలవు మీద వచ్చాడు. బయలుదేరే ముందు ఫోను చేసి, "హజ్రత్, ఈసారి మధ్యలో ఐదు గంటలు పెట్టుకున్నాను. అమ్మీకి రాత్రి తొమ్మిది అని చెప్పండి, ముందే చెప్పకండి" అన్నాడు. మేము తొమ్మిదనే చెప్పాము. ఆమె మగ్రిబ్ నమాజు కాగానే బియ్యం కడిగి ఉంచి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. అతడు తొమ్మిదికి పది నిమిషాలు ముందుగానే వచ్చాడు.